బాపు చేసిన పెట్టె

చల్లబడితే చాలు. పాట బాగా రావాలని కూడా అడగను, వేళ్లు తడబడకూడదని కూడా అడగను, ముందు ఇది చల్లబడితే చాలు అనుకుంటూ స్వరూప చర్చి వేదిక పక్కన నేల మీద చతికిలబడి యాంప్ వీపు మీద అరచెయ్యి ఆనించింది. రెండంకెలు లెక్కపెట్టేలోపే తీసేసుకోవాల్సి వచ్చింది. గోడ గడియారంలో మూడు దాటి అయిదు నిమిషాలు. నాలుగింటికి కూడిక. అవ్వ, కన్నతల్లి, పోయి ఇవాళ్టికి ఏడాది. ఐలవ్వ జ్ఞాపకార్థ కూడిక అని అయ్యగారు నల్లబల్ల మీద తన చేత్తోనే రాశారు, కింద 'పాట: స్వరూప బృందం' అని కూడా రాశారు. బృందమంటే ఎంతమంది, కీబోర్డు ముందు ప్రేమ్‌సాగర్, బేస్ గిటార్ పట్టుకుని తను, పాడడానికి రామవ్వ పెద్దమ్మతో కలిపి ఓ పదిమంది ఆడవాళ్లు. ఇప్పుడా గిటార్ ఒళ్లో పడుకుని ఉంది. దాన్ని పలికించాల్సిన యాంప్ ఎర్రదీపం పెట్టుకుని మూగనోము పట్టింది. పావుగంట కిందటి దాకా ఎంత బాగా పలికింది! బాపు చేసిన పెట్టెను దాని పక్కన నిలబెట్టి, వైరు దూర్చి, లావు తీగ మీటగానే బెంచీల కాళ్లు అదిరాయి, కిటికీ రెక్కలు టపటప కొట్టుకున్నాయి, రామవ్వ పెద్దమ్మ ఛాతీ మీద చెయ్యేసుకుని "నా గుండెల్నే కొడుతున్నట్టున్నదే పిల్లా" అంది. ఇరవై నిమిషాల భాగ్యం. తర్వాత మాడిన దుమ్ము వాసన, టప్పుమని చిన్న చప్పుడు, ఎర్రదీపం. మోటార్లు చుట్టే దుకాణంలో పనిచేసే ప్రేమ్‌సాగర్ వంగి వాసన చూసి, పెదవి విరిచి, "చల్లారినంక లేస్తే లేస్తది అక్కా, లేవకపోతే ఇగ లేవది. గంట సేపు దాన్ని ముట్టకు" అని చెప్పి బయట చెట్టు కింద నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ముట్టకు అంటే చెయ్యి ఊరుకుంటుందా. జ్వరం పిల్ల నుదురు ముట్టినట్టు నిమిషానికోసారి ముడుతూనే ఉంది.

ఆ వాసన మాత్రం కొత్తది కాదు. చిన్నప్పుడు బొగ్గు గనిలో రెండో షిఫ్టు దిగి బాపు ఇంట్లోకి వస్తే, తలుపు తెరుచుకోకముందే వచ్చే వాసన అది, వేడెక్కిన రబ్బరు, బొగ్గు పొడి, చెమట, అన్నీ కలిసి. అవ్వ నీళ్లు కాగబెట్టి బకెట్ వాకిట్లో పెట్టేది. వీపు రుద్దుతూ ఏదో పాడేది. బాపు మధ్యమధ్య "ఆఁ? ఏమన్నవ్?" అనేవాడు. అప్పటికే మొదలైందన్న మాట, ఎవరికి తెలుసు. వినపడక అడుగుతున్నాడని కాదు, మళ్లీ పాడించుకోవాలని అడుగుతున్నాడని అవ్వ మురిసిపోయేది. చెవుడును సరసం అనుకున్న ఆడమనిషి! పోశానికి ఎంత ప్రేమ ఐలవ్వ పాటంటే అని కార్మికుల ఇళ్ల లైను మొత్తం చెప్పుకునేవాళ్లు. ముప్పై ఏళ్ల బ్లాస్టింగులు ఆ చెవుల్ని ఒక్కో పొర ఒక్కో పొరా తీసుకుపోయాయి. ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత కుక్కరు కూత పోయింది, తర్వాత ఫోను, తర్వాత పిల్లల గొంతులు, ఆడవాళ్ల గొంతులు. స్వరూప గొంతు ఎప్పుడు పోయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఒకరోజు పెరట్లోంచి బాపూ, బాపూ, బాపూ అని పిలిచి పిలిచి లోపలికొచ్చి చూస్తే ఆయన గోడకు ఆనుకుని హాయిగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఆమెను చూసి "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. ఆ మాటకు నవ్వింది. స్నానాల గదిలోకి పోయి ఏడ్చింది. కంపెనీ డాక్టరు చెవుల మిషను తగిలించి, సన్న చప్పుళ్లు పోయినవి, లావు చప్పుళ్లు కొన్ని మిగిలినవి అని చెప్పాడు. ఆ మిషను పెట్టుకుంటే తల లోపల రేకులు గీకినట్టుందని బాపు దాన్ని అగ్గిపెట్టెలో దాచేశాడు.

లావు చప్పుళ్లు కొన్ని మిగిలినవి. ఎంత చిన్న మాట, ఎన్ని ఏళ్లు దాని మీద బతికారు! చర్చిలో ఎవరూ ముట్టని బేస్ గిటార్ ఒకటి ఉండేది. పద్దెనిమిదేళ్లప్పుడు ఆడపిల్లకు అదేం వాయిద్యమని అందరూ నవ్వుతుంటే మొండికి పట్టుకుంది. తనకోసమే పట్టుకుంది, బాపు కోసం కాదు, అబద్ధం ఎందుకు. కానీ ఒక క్రిస్మస్‌కు అవ్వ పోరు పడలేక చర్చికి వచ్చి ముందు బెంచీలో కూర్చున్న మనిషి, ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక అన్నాడు. "గా బుంగు బుంగుమన్నది నువ్వేనా?" ఆమె తలాడించింది. "నాకు వినవడ్డది" అన్నాడు. అవ్వ చేతిలో గరిటె అలాగే ఆగింది. అప్పట్నించి ఆదివారం ఆదివారం ముందు బెంచీ చివర, యాంప్‌కు ఎదురుగా. దేవుడి కోసం కాదని అయ్యగారికీ తెలుసు, పాపం ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆమె గొంతు చేరని చోటికి ఆమె వేళ్లు చేరేవి. ఇంటి దగ్గర ఏదైనా చెప్పాలంటే చేతులు ఊపాలి, పెదాలు సాగదీయాలి, క్యాలెండర్ వెనక రాయాలి. చర్చిలో ఒక్క లావు తీగ మీటితే చాలు, ఆయన తలెత్తేవాడు, పిలిస్తే పలికినట్టే. యాంప్ చిన్నది, పలికించే మిషనూ స్పీకరూ ఒకే డబ్బాలో ఉండేది, కాంబో అంటారు. అప్పట్లో దానికదే సరిపోయేది. తర్వాత చర్చికి పెద్ద ఫ్యాన్లు వచ్చాయి, జనం పెరిగారు, ప్రేమ్‌సాగర్ కీబోర్డు వచ్చింది. బాపు చెవిలో ఇంకో పొర పోయింది.

పోయిందని తెలిసింది ఎప్పుడు, అవ్వను మట్టి చేసిన రోజున. గుర్తు చేసుకోకూడదు అనుకుంటుంది, గుర్తు చేసుకుంటుంది. అవ్వ సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది, బాపు బొగ్గుబాయిలోకి దిగిన ప్రతి షిఫ్టుకూ వాకిట్లో నిలబడి పాడుకున్న పాట, 'దిగిన కాళ్లు ఎక్కి రావాలె తండ్రీ, పోయిన దీపం ఇంటికి రావాలె.' ఆ రోజు అవ్వను పడుకోబెట్టిన పెట్టె పక్కన నిలబడి ఆడవాళ్లంతా అదే పాడుతున్నారు, స్వరూప ఏడుస్తూనే వాయిస్తోంది. రెండో చరణం సగంలో ఉండగా బాపు పక్కనున్న రామవ్వ పెద్దమ్మ వైపు వంగి, చెవిటి మనిషి గొంతు కదా, చర్చి అంతా దద్దరిల్లేట్టు అడిగాడు. "ఇంక పాట మొదలువెడ్తలేరేందే? ఐలవ్వ పాట పాడుతమన్నరు గదా?" పాట ఆగిపోయింది. ఎవరో బిగ్గరగా ఏడ్చారు. తన చుట్టూ ఇంతమంది నోళ్లు కదులుతుంటే ప్రార్థన అనుకున్నాడట. ఆ తర్వాత ఏడాదంతా ఆయన నోట ఒక్కటే మాట, తిన్నా పడుకున్నా అదే మాట. "దాని పాటతోని దాన్ని సాగదోలేటప్పుడు నేను వినకపోతి బిడ్డా." ఏడాదికి మళ్లీ పాడతాం బాపూ అని క్యాలెండర్ వెనక రాసింది. ఈసారి నీకు వినపడేట్టు వాయిస్తా అని కూడా రాసింది. రాసింది కాబట్టి తప్పు తనదే. రాయకుండా ఉంటే ఎవరికి ఏం పోయేది.

అట్లా పుట్టింది ఈ పెట్టె. కాంబో వెనక ఇంకో స్పీకర్ తగిలించుకోవడానికి బెజ్జం ఉంది, ఒక పెద్ద పెట్టె కలిపితే చప్పుడు రెండింతలవుతుందని చెప్పిందే ఆలస్యం, "కొనుడెందుకు, నేను చేస్త" అన్నాడు. పర్శరాములు సౌండ్ సర్వీసు వాళ్లు విప్పి పడేసిన డీజే డబ్బాలోంచి రెండు పెద్ద స్పీకర్లు ఏరుకొచ్చాడు. రెండు నెలలు వాకిలి నిండా రంపపు పొట్టు. మందపు ప్లైవుడ్డు కోసి, అంచులు గీకి, నల్ల రెక్సిన్ అంటించి, కింద కాళ్లకు కన్వేయర్ బెల్టు ముక్కలు వేసి, పట్టుకోవడానికి పైన తన పాత టోపీలైటు బెల్టు బిగించాడు. చీమ కూడా దూరకూడదని లోపలి అంచులన్నిటికీ బంక పట్టించి, వెనక చెక్కకు మేకులు కొట్టి, మేకుల మీద మళ్లీ బంక. "గాలి సుతం పోది" అని తట్టి చూపించాడు. నిన్న ఆటోలో పెట్టి తెస్తుంటే నల్లటి నిలువు డబ్బా చర్చి వైపు పోవడం చూసి రెండు లైన్ల వాళ్లు బయటికొచ్చి ఎవరు పోయారని అడిగారు. బాపుకు వినపడలేదు, అభినందిస్తున్నారు అనుకుని అందరికీ దండం పెట్టాడు. నవ్వాపుకోలేక ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నిన్నే కదా నవ్వింది, ఇరవై నాలుగు గంటలు కాలేదు.

మూడు ఇరవై. వీపు మీద చెయ్యి ఈసారి అయిదంకెలు నిలిచింది. గోడలకున్న స్పీకర్లలోకి బేస్ పంపితే? వద్దు, అవి ప్రసంగానికి పెట్టిన సన్నవి, ఒకసారి ప్రయత్నిస్తే చిరిగిన డప్పులా పలికాయి, బాపుకు అందేది వాటిలోంచి రాదు. ఎందుకు వేడెక్కింది అసలు? లెక్క సరిగ్గానే చూసుకుంది కదా. యాంప్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది, అదనపు స్పీకర్లు కలిపినా మొత్తం నాలుగు ఓమ్స్‌కు తగ్గకూడదని. ఆ అంకె తగ్గేకొద్దీ యాంప్‌కు బరువు. లోపలున్న స్పీకర్ ఎనిమిది. బాపు తెచ్చినవి రెండూ ఎనిమిదీ ఎనిమిది. అందుకే రెండిటినీ ఒకదాని వెనక ఒకటి కలపమంది, అప్పుడు ఆ పెట్టె పదహారవుతుంది, యాంప్‌కు తేలిక. క్యాలెండర్ వెనక బొమ్మ గీసింది. రెండు గుండ్రాలు, ఒకదాని తోక ఇంకోదాని నోట్లో. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తల కూడా ఊపాడు. తల ఊపాడు. చెవిటివాళ్లు ఎంత తరచుగా తల ఊపుతారో ఆమెకు తెలియదా? తెలుసు, తెలిసీ అడగలేదు.

గుమ్మంలో నీడ పడింది. బాపు. ఉతికిన తెల్లచొక్కా, తడి జుట్టు, చంకలో గుడ్డ చుట్టిన అవ్వ ఫొటో. చెప్పులు బయట విడిచి, కాళ్లు గోనెపట్టకు మూడుసార్లు తుడుచుకుని, ఫొటో బల్ల మీద నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి వంకర చూసి సరిచేశాడు. తర్వాత నేరుగా తన పెట్టె దగ్గరికి వచ్చాడు. దాని భుజం మీద చెయ్యి వేశాడు, మనిషి భుజం మీద వేసినట్టే. ఎర్రదీపం ఆయనకు అటుపక్కన ఉంది, కనపడదు. చర్చిలో నిశ్శబ్దంగా ఉందన్నది ఆయనకు వార్త కాదు.

"పలికిందా?" అన్నాడు, గోడలు మోగేలా.

ఆమె తలూపింది. అబద్ధం కాదు, పలికింది.

"జర కొట్టు బిడ్డా, వింట."

తర్వాత అని చెయ్యి ఊపింది. నాలుగింటికి అని నాలుగు వేళ్లు చూపించింది. చిన్నపిల్లాడిలా సరే అన్నాడు. అప్పుడు అడిగింది, అడగకుండా ఉంటే బాగుండేది. నేల మీదున్న పాటల కాగితం వెనక మళ్లీ ఆ రెండు గుండ్రాలు గీసి, తోక నోట్లో పెట్టి, ఇట్లాగే కలిపావు కదా అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. బాపు ముఖమంతా వెలిగిపోయింది. ఎవరైనా అడుగుతారా అని రెండు నెలలుగా ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

"అట్ల పెట్టలే" అన్నాడు గర్వంగా. "నువ్వు చిన్నపిల్లవు, నీకు తెల్వది. ఒకని మీద ఒకన్ని నిలవెడ్తే మీదోడు జారితే కిందోడు పాయె. ఊతం అట్ల పెట్టరు. పక్కపక్కన పెట్టిన, రెండిటికి రెండు వైర్లు. బరువు పంచుకుంటయ్. గా పాపం చిన్న డబ్బాకు తేలికయితది. బ్యాటరీ ముట్టిచ్చి చూసిన, రెండు ఒక్కపారే దుంకినయ్."

ఎప్పుడొచ్చాడో ప్రేమ్‌సాగర్ వెనక నిలబడి విన్నాడు, వేళ్ల మీద లెక్కవేసి, ఆయనకు పెదాలు కనపడకుండా అటు తిరిగి, "మూడు సుతం లేదక్కా, మూడుకు తక్కువే అయింది. కాలకుండ ఎట్లుంటది? పక్కకు పెట్టినకొద్ది దీనికి మోపు పెరుగుతది, తగ్గుతదా? పీకెయ్యి ఆ వైరు, చెప్పెయ్యి ఆయనకు" అన్నాడు. ఎంత సులువు. చెప్పెయ్యి అట. చెప్పెయ్యడానికి నోరు కావాలి, వినడానికి చెవి కావాలి, రెండూ లేని ఇంట్లో ఏడాదిగా బతుకుతోంది.

ముప్పై ఏళ్లు టింబర్‌మన్ ఆయన. బొగ్గు తీసిన చోట పైకప్పు కుంగకుండా ఊతకర్రలు నిలబెట్టే పని. ఒక కర్ర కిర్రుమంటే పక్కన ఇంకోటి పెట్టడం, దానికీ మోపైతే మూడోది. పక్కన పెట్టినకొద్దీ బరువు తగ్గుతుందన్నది ఆయన ఎముకల్లో ఉన్న మాట, కొన్ని వందల మంది ఆ మాట కిందనే నడిచి ఇళ్లకు చేరారు. ఆ లోకంలో ఆయన లెక్క ఎప్పుడూ తప్పు కాలేదు. కర్రలు నిలబెట్టేముందు ఇంకో పని ఉండేది, కప్పు కొట్టి చూడడం. కుడిచేత్తో రాడ్డుతో పైకప్పు మీద కొడుతూ ఎడమచేతి వేళ్లు దానికి ఆనించి పట్టుకునేవాడట, చెవి వినాలి, వేలు అదురు చూడాలి. ఖంగుమంటే గట్టి. బొద్దుమని మోగితే లోపల పొర విడిచింది, దూరం జరగాలి. చూసి, "గట్టిదే... రాండ్రి" అని కేకేస్తేనే మిగతావాళ్లు లోపలికొచ్చేవాళ్లు. చిన్నప్పుడు ఇంట్లో ఆ ఆట ఆడేవాడు. మంచం కింద దూరి, పట్టె మీద వేళ్లతో కొట్టి, "గట్టిదే... రాండ్రి" అంటే తనూ అవ్వా ఇద్దరూ మంచం కిందికి పాకేవాళ్లు. అవ్వ కూడా పాకేది, నవ్వలేక చచ్చేది.

పదకొండేళ్ల కింద ఒక రోజు అలాగే కొట్టి చూసి, గట్టిదే అన్నాడు. బొద్దుమన్న మోత ఆయన చెవికి అందలేదు. ఆ రోజు చేతికి తొడుగు వేసుకున్నాడు, వేలికీ అందలేదు. జోడీగా పనిచేసే హనుమండ్లు ఆ మాట మీదే లోపలికి నడిచాడు, కప్పు వదిలింది, కాలు పోయింది. హనుమండ్లు ఎప్పుడూ తప్పుపట్టి ఒక్క మాట అనలేదు. ఆస్పత్రిలో చూడ్డానికి పోతే "నీ తప్పేంది బావా, బొగ్గు గట్లనే ఉంటది" అన్నాడు. అది ఇంకా కష్టం. ఆ తర్వాత బాపును బాయిలోకి దింపలేదు, పైన చెట్లకు నీళ్లు పోసే పని ఇచ్చారు, అక్కడే రిటైరయ్యాడు. 'గట్టిదే' అన్న మాట మళ్లీ ఆ నోట రాలేదు. సంతలో కొబ్బరికాయ తట్టి చూడమన్నా చూడడు, నువ్వే చూడు బిడ్డా అని ఇచ్చేస్తాడు. గోడకు మేకు కొట్టాలన్నా పక్కింటివాళ్లను పిలుస్తాడు. పదకొండేళ్ల తర్వాత తన చేతి మీద నమ్మకంతో చేసిన మొదటి వస్తువు ఇది, ఇప్పుడా భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ఈ నల్ల పెట్టె. పోయి ఏం చెప్పాలి? నువ్వు మళ్లీ గట్టిదే అన్నావు బాపూ, మళ్లీ తప్పయింది అని చెప్పాలా? అవ్వ ఫొటో ముందు, ఇవాళే చెప్పాలా?

విప్పి వైర్లు మార్చాలంటే మేకులూ బంకా పగలగొట్టాలి. ఆయన చూస్తుండగా గొడ్డలి పట్టుకోవాలి. ఆయన్ని బయటికి పంపితే? ఎక్కడికని, ఏ సాకుతో? అదీగాక అరగంట కూడా లేదు. ఇంకో యాంప్? మంచిర్యాలలో ఉంది, నాలుగు దాటాక వస్తుంది. అవ్వా, నువ్వుంటే ఏం చేసేదానివి అనుకుంది. అవ్వ ఉంటే ఇదంతా ఎందుకు ఉండేది, ఆ సంగతి తట్టగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, చెయ్యి యాంప్ మీద ఉంది. ఇరవై అంకెలు నిలిచింది. ముప్పై నిలిచింది. జనం వస్తున్నారు. బెంచీలు నిండుతున్నాయి, ఫ్యాన్లు ఒక్కోటే తిరగడం మొదలుపెట్టాయి, ఒక్కో ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ చిన్న డబ్బాలోంచి రాబోయే చప్పుడు ఇంత ఇంత తరిగిపోతున్నట్టు ఆమెకు లెక్క తెలుస్తూనే ఉంది. హనుమండ్లు కూడా వచ్చాడు, కర్రకాలు టక్కుటక్కుమంటూ, వెనక బెంచీలో కూర్చున్నాడు. బాపు మాత్రం బెంచీలో కూర్చోలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని తన పెట్టె పక్కనే వేసుకున్నాడు.

నాలుగుకు రెండు నిమిషాలు. స్విచ్చి ఆపి, ఊపిరి బిగబట్టి, మళ్లీ వేసింది. ఎర్రదీపం. పోయింది అనుకుంది, అంతా పోయింది. దీపం ఒకసారి వెలిగి ఆరి పచ్చగా మారింది. సన్నగా బుస్సుమంది. లేచింది తల్లి! ఆ ఆనందం కూడా ఆమెకు దక్కలేదు, ఎందుకంటే వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. యాంప్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, బాపు పెట్టెకు పోయే వైరును పట్టుకుంది. పట్టుకుని ఆయన వైపు చూసింది, ఆయన ఫొటో వైపు చూస్తున్నాడు. లాగేసింది. కొస నేల మీద పడింది. రెక్సిన్ అంటించిన ఆ పెట్టె అంతే నిటారుగా, అంతే కొత్తగా నిలబడి ఉంది, లోపల మాత్రం ఏమీ లేదు. దొంగతనం చేసినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. కాదు, దొంగతనమే.

అయ్యగారు ప్రార్థన చేశారు, రెండు మాటలు చెప్పారు, తలూపారు. ప్రేమ్‌సాగర్ మీట నొక్కగానే కీబోర్డులోంచి చక్కగా ఇస్త్రీ చేసినట్టు తాళం మొదలైంది, అవ్వ పాట కంటే చాలా వడిగా. ఆడవాళ్లు అందుకున్నారు. 'దిగిన కాళ్లు ఎక్కి రావాలె తండ్రీ.' స్వరూప లావు తీగ మీటింది. చిన్న డబ్బా తనకు చేతనైనంత పలికింది, ఫ్యాన్ల కిందా గొంతుల కిందా అది ఎక్కడో అణిగిపోయింది, తన కాలివేళ్లకే సరిగ్గా తెలియలేదు. ఇంక పెంచితే మళ్లీ ఎర్రదీపం. బాపు కుర్చీలో కదిలాడు. ముందుకు వంగాడు. మెడ చాచాడు. ఆడవాళ్ల నోళ్ల వైపు చూశాడు, ఆమె వేళ్ల వైపు చూశాడు. అప్పుడు ఎడమచెయ్యి ఎత్తి, నాలుగు వేళ్ల కొసలు పెట్టె మీద ఆనించాడు. అరచెయ్యి కాదు, వేళ్ల కొసలు. ఆ చేతిని మర్చిపోయింది! చెవులను మోసం చేయొచ్చు, ఆ వేళ్లను మోసం చేయలేమని ఎట్లా మర్చిపోయింది? వేళ్లు పెట్టె మీద ఒకచోట ఆగాయి, జరిగాయి, మరోచోట ఆగాయి. ముఖంలోంచి వెలుగు మెల్లగా దిగిపోవడం ఆమె చూసింది. చూస్తూ వాయించింది, ఆపడానికి లేదు, పాట అవ్వది.

ఆ తర్వాత ఆయన కళ్లు మూసుకున్నాడు. వేళ్లు పెట్టె మీదే ఉన్నాయి. తల ఊగడం మొదలైంది, మెల్లగా, తృప్తిగా, విన్నవాళ్లు ఊపినట్టే. కానీ తాళం తప్పు. చర్చిలో పాట ఒక దారిన పోతుంటే ఆయన తల ఇంకో దారిన ఊగుతోంది, చాలా నెమ్మదిగా, బకెట్‌లో చెంబు ముంచి వీపు మీద పోసి మళ్లీ ముంచేంత నెమ్మదిగా. అవ్వ నడక అది. వాకిట్లో అవ్వ పాడిన వేగం. లోపల మిగిలి ఉన్న పాటను ఆయన పాడుకుంటున్నాడు, అందరికీ వింటున్నట్టు కనపడాలని, అందరికీ కాదు, ఆమెకు. స్వరూపకు ఇంకేమీ తోచలేదు. ఆయన తల దిగిన చోట తీగ మీటింది. మళ్లీ దిగేదాకా ఆగింది. మళ్లీ మీటింది. ప్రేమ్‌సాగర్ తల తిప్పి అక్కా, ఏం చేస్తున్నావ్ అన్నట్టు గుడ్లురిమాడు. ఆమె అటు చూడలేదు, ఆ ముసలి తలనే చూస్తూ ఒక్కో అడుగు వేసుకుంటూ పోయింది. పాట రెండుగా చీలింది, పిల్లలు కిసుక్కున నవ్వారు, సగంమంది కీబోర్డుతో పోయారు, సగంమంది తికమకపడి ఆగారు. రామవ్వ పెద్దమ్మకు మాత్రం అర్థమైంది, ఐలవ్వతో ముప్పై ఏళ్లు పాడిన గొంతు కదా, వేగం తగ్గించి బేస్ వెంట వచ్చింది. ఒకరిద్దరు ఆమె వెంట వచ్చారు. మిగిలినవాళ్లు రాలేదు. కీబోర్డు తాళం దాని మానాన అది చివరిదాకా కొట్టుకుంటూనే ఉంది. ఆ గందరగోళంలోనే అవ్వ పాట అయిపోయింది.

బాపు కళ్లు తెరిచాడు. ఆమె వైపు చూడలేదు. కిందికి చూశాడు, నేల మీద ఊడి పడున్న వైరు కొస దగ్గర ఆయన చూపు ఆగింది. ఎవరైనా చూస్తారేమోనన్నట్టు బెంచీల వైపు ఒకసారి చూసి, కాలి బొటనవేలితో ఆ కొసను మెల్లగా పెట్టె కిందికి నెట్టాడు. తర్వాత లేచి నిలబడి, పెట్టె భుజం మీద తట్టి, చర్చి అంతా వినపడేట్టు, వెనక బెంచీలో హనుమండ్లు తలెత్తి చూసేట్టు అన్నాడు.

"గట్టిదే బిడ్డా. మస్తు వినవడ్డది."